హౌండ్ టోర్ ఊరు ప్లేగుతో ఒక్క దెబ్బకు ఖాళీ అయిందా? నాకైతే అలా అనిపించదు

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్పేస్తాను, మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కదా. ఇంగ్లండ్ నైరుతి మూలన డెవన్ అనే కౌంటీ ఉంది, అందులో డార్ట్‌మూర్ అనే ఎత్తైన బీడు. చెట్టూ చేమా పెద్దగా లేని గుట్టలు, గ్రానైట్ బండలు, గొర్రెలు, గుర్రాలు, పొగమంచు. అక్కడ హౌండ్ టోర్ అనే రాతిగుట్ట కింద మధ్యయుగాల నాటి పాడుబడ్డ ఊరు ఒకటి ఇప్పటికీ మోకాలెత్తు, కొన్నిచోట్ల నడుమెత్తు గోడలతో కనబడుతుంది. మీరు పిల్లలతో వెళ్లి చూశారు, మీతో నడిచినాయన "1348లో ప్లేగు వచ్చింది, ఊరంతా ఒక్కరు మిగలకుండా పోయారు" అని చెప్పాడు. అది నిజమేనా, నిజమైతే మరి ఎముకలు ఏవి, ఉత్త రాళ్లు చూసి ఇది మనుషుల గది ఇది గొడ్ల చోటు అని ఎలా చెబుతారు, అని మీ సందేహాలు.

ప్లేగు కథలో కొంత నిజం ఉంది. ఒక్క దెబ్బకు అనే మాటలో మాత్రం లేదు. ఎందుకో కొంచెం పొడుగ్గా చెప్తాను, టీ పెట్టుకుని కూర్చోండి.

నా సంగతి రెండు ముక్కల్లో. ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడ తవ్వకాల పనిలో ఉన్నాను. గొప్పగా ఊహించుకోకండి, ఎక్కువ భాగం పైపులైన్లు వేసేముందు, ఇళ్లు కట్టేముందు నేల తవ్వి కింద ఏమైనా ఉందేమో చూసే ఉద్యోగం. వానలో గమ్‌బూట్లు వేసుకుని బురదలో నిలబడి కాగితాలు తడవకుండా చూసుకోవడమే సగం పని. కానీ పాడుబడ్డ ఊళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి, ఎందుకంటే మా ఊరి పక్కనే పాటిదిబ్బ ఉండేది. ఎండాకాలం రాగానే బండ్ల మీద పాటిమన్ను తోలి పొలాల్లో వేసేవాళ్లు, మేం పిల్లలం అందులో పూసలు, కుండ పెంకులు ఏరుకునేవాళ్లం. అక్కడ ఊరు ఎందుకు పోయిందని అడిగితే తాతలందరిదీ ఒకటే జవాబు, "గత్తర వచ్చి పోయింది." కలరా అన్నమాట. ఇక్కడికొచ్చాక చూస్తే ఇంగ్లండ్ తాతలదీ అదే పాట, పేరు మాత్రం ప్లేగు.

ముందు గొడ్ల సంగతి చెప్పేస్తాను, అన్నిటికన్నా సులువైనది అదే. అక్కడి పెద్ద ఇళ్లను లాంగ్‌హౌస్ అంటారు. పొడుగాటి ఒకే కొట్టం లాంటి ఇల్లు, పది పదిహేను మీటర్ల పొడవు, నాలుగు మీటర్లు అటూఇటూగా వెడల్పు. దాన్ని గుట్ట వాలుకు అడ్డంగా కాకుండా, వాలు వెంబడి, ఒక చివర ఎత్తులో ఇంకో చివర పల్లంలో ఉండేటట్టు కడతారు. నడిమధ్య ఎదురెదురుగా రెండు తలుపులు, ఆ రెంటి మధ్య నడవ. నడవకు ఎగువన మనుషులు, దిగువన గొడ్లు. మనుషులూ గొడ్లూ లోపలికి వచ్చేది ఒకే తలుపు నుంచి. ఎగువ గదిలో నేల మీద నిప్పు పొయ్యి, దాని చుట్టూ రాళ్లు ఎర్రగా కాలి పగిలి ఉంటాయి. పొగగొట్టం లేదు, పొగ బోద కప్పులోంచే మెల్లగా బయటికి పోవాలి. దిగువ భాగంలో నేల మధ్యలో ఒక కాలువ, రాళ్లు పరిచి కట్టింది, అది పోయి పోయి కింది గోడలో ఒక కన్నంలోంచి బయటపడుతుంది. పేడ, ఉచ్చ పోవడానికి అది. పొయ్యి ఉన్న చోట కాలువ ఉండదు, కాలువ ఉన్న చోట పొయ్యి ఉండదు. ఇంకేం కావాలి?

సరే, ఇది కూడా ఊహే కదా అని మీరనవచ్చు. కానీ డార్ట్‌మూర్‌లోనే పౌండ్స్‌గేట్ అనే పల్లె దగ్గర హయ్యర్ అప్పకాట్ అని ఒక లాంగ్‌హౌస్ కప్పుతో సహా ఇంకా నిలబడి ఉంది. దాని గొడ్ల భాగాన్ని తరవాతివాళ్లు మార్చకుండా వదిలేశారు. హౌండ్ టోర్‌లో మోకాలెత్తున చూసినదాన్ని అక్కడ నిలువెత్తున చూడొచ్చు, అదే నడవ, అదే వాలు, అదే కాలువ. నేను మొదటిసారి ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు మా అమ్మమ్మ వాళ్ల పాత ఇల్లు గుర్తొచ్చింది. ముందు భాగంలో ఎద్దుల్ని కట్టేసేవాళ్లు, లోపల మనం పడుకునేవాళ్లం, రాత్రంతా మెడ గంటల చప్పుడు, గడ్డి నమిలే చప్పుడు. చలికాలంలో ఆ ఒంటి వేడి ఎంత హాయిగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. మా ఇంగ్లీషు తోటివాళ్లు "అమ్మో, ఆ వాసన ఎలా భరించారో" అంటుంటే నాకు నవ్వొచ్చింది.

ఇంతకీ ఇదంతా ఎవరు తవ్వారంటే, మేరీ మింటర్ అనే ఆవిడ, 1960ల్లో మొదలెట్టి. ఈ ఊరొక్కటే కాదు, వైడ్‌కోమ్ దగ్గర హట్‌హోల్స్, డిన్నా క్లర్క్స్ అనే చోట్లు కూడా ఆవిడే తవ్వింది. పాపం, రిపోర్టు రాయకుండానే పోయింది. ఆవిడ నోట్సు, బొమ్మలు దగ్గర పెట్టుకుని గై బెరెస్‌ఫర్డ్ అనే ఆయన 1979లో అచ్చు వేశాడు. తవ్విన మనిషి ఒకరు, రాసిన మనిషి ఇంకొకరు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తగువంతా ఇక్కడి నుంచే మొదలైంది.

బెరెస్‌ఫర్డ్ చెప్పిందేమిటంటే, ఇప్పుడు మనకు కనబడే రాతి ఇళ్ల కింద అంతకన్నా పాత ఇళ్లు ఉన్నాయి, అవి రాతివి కావు, పచ్చికతో సహా కోసిన మట్టిపెళ్లల గోడలు, లోపలివైపు తడిక. వాటి ఆనవాలు ఏమిటంటే నేలలో వరసగా చిన్న చిన్న రంధ్రాలు, తడిక పుల్లలు పాతిన గుంతలు అన్నమాట. అవి ఒకదాని మీద ఒకటి వరసలు వరసలుగా ఉన్నాయి కాబట్టి మట్టి ఇల్లు కూలినప్పుడల్లా కొంచెం పక్కకు జరిపి మళ్లీ కట్టారని, అలా లెక్కేసుకుంటూ పోతే ఈ ఊరు నార్మన్లు ఇంగ్లండ్‌కు రాకముందు, సాక్సన్ల కాలానికి పోతుందని ఆయన వాదన. ఆ మాట పుస్తకాలకెక్కింది, బోర్డులకెక్కింది, చాలా ఏళ్లు అదే నడిచింది.

తరవాత దాన్ని ఒక్కొక్కరు ప్రశ్నించడం మొదలెట్టారు. అంత పాత కాలానికి చెందిన కుండ పెంకు ఒక్కటైనా ఉండాలి కదా, దొరికినవన్నీ ఎక్కువగా 13వ శతాబ్దం, ఆ తరవాతివి. ఇంకో సంగతి, ఆ రంధ్రాలన్నీ నిజంగా మనిషి పాతిన పుల్లలవేనా, లేక వేళ్లు, కుందేళ్లు, ఎలుకలు చేసినవా? ఈ రెండో ప్రశ్న మీద నాకు స్వానుభవం ఉంది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్తాను.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. ఒక కందకంలో గోధుమరంగు మన్నులో నల్లటి చుక్కలు వరసగా తొమ్మిదో పదో కనబడ్డాయి, ఒక్కోటి రూపాయి బిళ్లకన్నా కొంచెం పెద్దవి. నాకు ఒళ్లు పులకరించింది. గోడ దొరికిందని అరిచి, దారం కట్టి, బొమ్మ గీసి, నంబర్లు వేసి, ఫోటో తీసి, మధ్యాహ్నం దాకా అదే పని. మా సూపర్‌వైజర్ వచ్చి ఏమీ అనలేదు, చిన్న తాపీ తీసుకుని మొదటి చుక్కను నిలువునా సగానికి కోశాడు. పాతిన పుల్ల గుంత అయితే నిటారుగా దిగి అడుగున మొనదేలాలి. ఇది జానెడు దిగి, మెల్లగా ఎడమకు వంగి, రెండో చుక్కలోకి వెళ్లింది. రెండోది మూడోదాంట్లోకి. ఎలుక బొరియ! నేను గీసిన బొమ్మ మడిచి జేబులో పెట్టుకుని, "ఇంకా ఎనిమిది ఉన్నాయి, అవీ కోసి చూడు" అని వెళ్లిపోయాడు. అన్నీ కోశాను. అన్నీ అదే బొరియ.

కాబట్టి 1960ల నాటి బొమ్మల్లో వందల కొద్దీ చుక్కలు చూసినప్పుడు నాకు ముందు వచ్చే ప్రశ్న "ఎన్నిటిని సగానికి కోసి చూశారు?" అనేదే. అయితే బెరెస్‌ఫర్డ్ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి, న్యాయంగా. పెంకులు లేవు కాబట్టి మనుషులు లేరు అనలేం, ఎందుకంటే సాక్సన్ల కాలంలో డెవన్‌లో కుండల వాడకమే బాగా తక్కువ. చెక్క గిన్నెలు, తోలు సంచులు అయితే ఈ నేలలో మిగలవు. నన్నడిగితే, రాతి ఇళ్లు 13వ శతాబ్దానివి అనేదాంట్లో డౌటు లేదు, వాటికి ముందు వేసవి మేతకు వచ్చిన కాపర్ల పాకలో మట్టి ఇళ్లో కొన్ని ఉంటే ఉండొచ్చు, కానీ వందల ఏళ్ల పాటు వరస తప్పకుండా కట్టుకుంటూ వచ్చిన మట్టి ఇళ్లు అనేది మాత్రం నాకు మింగుడు పడదు.

ఇంకొకటి, 1086లో విలియం రాజు రాయించిన డోమ్స్‌డే లెక్కల్లో "హుండాటోరా" అని పేరుంది, టావిస్టాక్ మఠం ఆస్తి కింద. బోర్డుల మీద ఈ ముక్క చూసి అందరూ "చూశారా, అప్పటికే ఊరుంది" అంటారు. ఉండొచ్చు. కానీ పేరు ఒక ప్రాంతానిది, ఈ గోడలది కాదు. దగ్గర్లోనే గ్రేట్ హౌండ్‌టోర్ అని ఒక ఫారం ఇంకా ఉంది, ఆ పేరు దానిదే కావచ్చు. మనకిది కొత్త కాదు. తెలంగాణ రెవెన్యూ రికార్డుల్లో బేచిరాక్ గ్రామాలని ఉంటాయి చూడండి, బే చిరాగ్, అంటే దీపం లేని ఊరు. సర్వే నంబర్లుంటాయి, హద్దులుంటాయి, శిస్తు లెక్కలుంటాయి, ఊళ్లో మనిషి మాత్రం ఉండడు. కాగితం మీద పేరుంటే పొయ్యి వెలిగినట్టు కాదని మన పట్వారీలకు ఎప్పుడో తెలుసు.

అసలు అంత ఎత్తులో ఎందుకు కట్టుకున్నారని మీ అబ్బాయి అడిగాడన్నారు కదా, మంచి ప్రశ్న. ఊరున్నది మూడొందల మీటర్ల పైనే. మన లెక్కన పెద్ద ఎత్తు కాదు, కానీ అట్లాంటిక్ గాలికి ఎదురుగా, గ్రానైట్ మీద పలచటి మన్నుతో, ఆ అక్షాంశంలో అది ఎక్కువే. డోమ్స్‌డే నాటికీ 1300కూ మధ్య ఇంగ్లండ్ జనాభా రెండింతలు దాటింది. కింద లోయల్లో మంచి భూమంతా అప్పటికే ఎవరో ఒకరి చేతుల్లో ఉంది, కొత్తగా పెళ్లైన చిన్నకొడుకులకు భూమి కావాలంటే గుట్ట ఎక్కడమే దారి. వాతావరణం కూడా అప్పట్లో కొంచెం అనుకూలంగానే ఉండేది. ఇంకా తమాషా ఏమిటంటే వీళ్లు ఎక్కిన గుట్ట అప్పటికే ఒకసారి ఎక్కి దిగినదే. దాదాపు 3,500 ఏళ్ల కింద కంచుయుగం మనుషులు డార్ట్‌మూర్ అంతటా మైళ్ల కొద్దీ పొడవున రాతి గట్లు వేసుకుని పొలాలు పంచుకున్నారు. రీవ్స్ అంటారు వాటిని. 1970ల్లో ఆండ్రూ ఫ్లెమింగ్ అనే ఆయన వాటి కాలం, తీరు తేల్చేదాకా అవి మధ్యయుగాల గట్లేనని చాలామంది అనుకున్నారు. అవి వదిలేశాక రెండు వేల ఏళ్లకు పైగా గడిచి, మళ్లీ ఈ లాంగ్‌హౌస్‌ల వాళ్లు అక్కడికే వచ్చి సాళ్లు దున్నారు.

ఇప్పుడు ఎముకలు. దీనికి రెండు జవాబులు. ఒకటి, గ్రానైట్ మీది మన్ను పులుపు, ఆసిడ్ అన్నమాట, ఎముక అందులో కరిగిపోతుంది. డార్ట్‌మూర్ తవ్వకాల్లో ఆవు ఎముకైనా కోడి ఎముకైనా దొరకడం అరుదు. ఆ ఇంట్లో ఎన్ని ఆవులుండేవో, గొర్రెలెన్నో, ఏం తిన్నారో మామూలుగా మేం ఎముకలు చూసి చెప్తాం, ఇక్కడ ఆ దారి మూసుకుపోయింది. ఇనుము కూడా చాలావరకు తుప్పు ముద్దే. మిగిలేది పెంకులు, రాయి, బొగ్గు.

రెండో జవాబు ముఖ్యమైనది. ప్లేగొచ్చినా సరే ఊళ్లో పూడ్చరు. ఆ ఊరు మానటన్ పారిష్, అంటే మానటన్ చర్చి పరిధి కిందిది, చనిపోయినవాళ్లను చర్చి ఆవరణలోనే పూడ్చాలి, అది మతం పెట్టిన కచ్చితమైన రూలు. ఎంత కచ్చితమంటే డార్ట్‌మూర్ లోపలి ఊళ్లవాళ్లకు చర్చి అవతలి కొసన లిడ్‌ఫర్డ్‌లో ఉండేది, శవాన్ని మోసుకుని బీడు మొత్తం దాటి పోవాల్సి వచ్చేది. మంచి రోజుల్లో ఎనిమిది మైళ్లు, వాగులు పొంగితే చుట్టుతిరిగి పదిహేను మైళ్లు. ఇక మా వల్ల కాదు బాబోయ్ అని మొరపెట్టుకుంటే, 1260లో ఎక్సెటర్ బిషప్ బ్రాన్స్‌కోమ్ రెండు చోట్లవాళ్లకు దగ్గరున్న వైడ్‌కోమ్ చర్చికి పోవడానికి అనుమతిచ్చాడు. ఆ పాత దారిని ఇప్పటికీ లిచ్ వే అంటారు, శవాల బాట. ఇప్పుడు దాని మీద రంగు రంగుల జాకెట్లు వేసుకుని ట్రెక్కింగ్ చేస్తున్నారు, అది వేరే సంగతి. కాబట్టి హౌండ్ టోర్ ఇళ్లలో అస్థిపంజరాలు లేకపోవడం ప్లేగు వచ్చిందనడానికీ సాక్ష్యం కాదు, రాలేదనడానికీ కాదు.

ఇక అసలు ప్రశ్న. ఇంట్లో మనుషులు ఉన్నపళాన పోతే ఆ ఇల్లు ఎలా ఉంటుందో డార్ట్‌మూర్‌లోనే ఇంకో ఇల్లు చెబుతుంది. పైన పేరు చెప్పాను, డిన్నా క్లర్క్స్. ఆ లాంగ్‌హౌస్ కాలిపోయింది. కప్పు కూలి మీద పడింది, ఎవరూ మళ్లీ వచ్చి ఏమీ ఏరుకోలేదు. మింటర్ తవ్వినప్పుడు కుండలు పెట్టిన చోటే చితికి ఉన్నాయి, మూడో హెన్రీ రాజు కాలపు వెండి పెన్నీ ఒకటి దొరికింది. ఒక ఇల్లు ఒక్క రాత్రిలో చావడం అంటే అలా ఉంటుంది.

హౌండ్ టోర్ అలా లేదు. ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. పెంకు ముక్కలున్నాయి, వాడినన్నాళ్లు వాడి విరిగి పారేసినవి, నిండు కుండలు వరసగా పెట్టి లేవు. అంటే ఇల్లు ఖాళీ చేసినవాళ్లకు టైమ్ ఉంది, సామాను ఉంది, పోవడానికి ఒక చోటు ఉంది. మనం ఇల్లు మారినప్పుడు మూకుడు, రోకలి, ఆఖరికి తలుపు గొళ్లెం కూడా ఊడదీసుకుని పోతాం కదా, అలాంటి ఖాళీ అది. దూలాలు కూడా తీసుకుపోయి ఉంటారని నా అనుమానం, చెట్లు లేని చోట మంచి దూలం బంగారంతో సమానం. ఒకవేళ ప్లేగుకు ఊరు పోయినా పక్క ఊరివాళ్లు వచ్చి ఏరుకుపోయి ఉండొచ్చు కదా అంటారా, అనొచ్చు, అందుకే ఈ ఒక్కదాని మీదే నిలబడి నేను వాదించను.

అక్కడ మీరు ఒక రాతి దిమ్మె, అందులో గుండ్రటి గొయ్యి చూసి ఉంటారు, పిల్లలు ఎక్కి ఆడుకునేలా ఉంటుంది. నాకు ఆ ఊళ్లో అన్నిటికన్నా ఇష్టమైనది అదే. గింజలు ఆరబెట్టే బట్టీ అది. అలాంటివి ఉన్న కొట్టాలు మూడున్నాయి అక్కడ. కింద నుంచి ఒక సన్నటి సొరంగంలో మంట పెడతారు, వేడి గాలి ఆ గుండ్రటి గోతిలోకి వస్తుంది, గోతి పైన కర్రలు, గడ్డి పరిచి దాని మీద పచ్చి ఓట్సో రై గింజలో పోసి కలియబెడుతూ ఆరబెడతారు. కొంచెం ఏమరితే మొత్తం కొట్టం తగలబడుతుంది, రాత్రీ పగలూ ఎవరో ఒకరు కాపలా కూర్చోవాలి. కళ్లంలో ఎండకు ధాన్యం ఆరబోసుకునే మనకు ఈ బాధ ఒక్క తుఫాను రోజుల్లోనే తెలుస్తుంది, కోత మీద ఉండగా వానొస్తే రోడ్డంతా ధాన్యం పరుచుకుని టార్పాలిన్‌లతో పరుగెత్తడం అందరం చూశాం. వీళ్లకు ప్రతి ఏడాదీ అదే సీజన్.

ఈ బట్టీలు చూసి బెరెస్‌ఫర్డ్ చెప్పిందేమిటంటే, 13వ శతాబ్దం చివర, 14వ శతాబ్దం మొదట్లో వాతావరణం తడిసి చల్లబడింది, పంట పొలంలో ఎండటం మానేసింది, అందుకే బట్టీలు కట్టుకున్నారు, చివరికి అదీ చాలక దిగిపోయారు. ఇది కొంచెం సాగదీసిన మాట అని కొందరంటారు, ఎందుకంటే తడి ప్రాంతాల్లో బట్టీ ఎప్పుడైనా అవసరమే. నా మటుకు నాకు, బట్టీ ఉంది కాబట్టి ఊరు చావుకు దగ్గరపడిందని కాదు, అక్కడ పంట పండించడం ఎంత ఖరీదైన వ్యవహారమో అది చూపిస్తుంది అనుకుంటాను. కింద లోయలో రైతు కోసి నూర్చుకుంటే, పైనున్నవాడు కోసి, మోసి, కట్టెలు తెచ్చి, కాల్చి, కాపలా కాసి నూర్చుకోవాలి. కాలం బాగున్నప్పుడు అది గిట్టుబాటవుతుంది, ఒక్క మెట్టు తప్పితే అయిపోయాడు.

ఆ మెట్టు తప్పింది కూడా. 1315లో వసంతం నుంచి పట్టిన వాన వదల్లేదు. 1317 దాకా ఉత్తర యూరప్ మొత్తం కరువు, విత్తనం కోసం దాచిన గింజలు కూడా తిన్నారు. అది సర్దుకుంటుందనుకునేలోపు 1319 నుంచి 1321 దాకా గొడ్ల మీద గత్తర వచ్చి ఆవులు, ఎద్దులు కుప్పలుగా చచ్చాయి. ఎద్దు పోతే దుక్కి పోయింది, ఆవు పోతే పాలు, పేడ, ఇంట్లో వేడి కూడా పోయాయి. ప్లేగు ఇంగ్లండ్ తీరానికి చేరింది 1348 వేసవిలో, డెవన్ పక్కనే ఉన్న డార్సెట్‌లో. అప్పటికే ఒక తరం మొత్తం ఇలాంటి దెబ్బలు తిని ఉంది. ప్లేగు దేశంలో మూడో వంతు నుంచి సగం దాకా జనాన్ని తీసుకుపోయింది, హౌండ్ టోర్‌లో ఒక్కరు కూడా పోలేదని నేననడం లేదు, పోయే ఉంటారు.

కానీ బతికినవాళ్ల సంగతి ఆలోచించండి. కింద లోయలో మంచి మాగాణి లాంటి భూమి, యజమాని పోయి, వారసుడు లేక పడి ఉంది. దొరలు కౌలుదారుల కోసం వెతుక్కుంటున్నారు. కూలి ఎంతగా పెరిగిందంటే, పాత రేటుకే పని చెయ్యాలని 1349లో రాజు ఆర్డరు వేశాడు, అది పని చెయ్యక 1351లో పార్లమెంటు చట్టం చేసింది. అలాంటప్పుడు గుట్ట మీద బట్టీ దగ్గర కళ్లు మంటలెత్తుతూ కూర్చునే మనిషి ఏం చేస్తాడు? సామాను బండికెత్తుకుని దిగిపోతాడు. తాత భూమి చాలక గుట్టెక్కాడు, మనవడు భూమి మిగిలిపోయి దిగాడు. ఊరు ఖాళీ అవడానికి ఊళ్లోవాళ్లు చావాల్సిన పనిలేదు, కింద ఊళ్లోవాళ్లు చస్తే చాలు.

దీనికి సాక్ష్యం ఏమిటంటే పుప్పొడి. 1985లో డేవిడ్ ఆస్టిన్, వాకర్ అనే ఇద్దరు హౌండ్ టోర్ చుట్టుపక్కల నేలలోని పుప్పొడి లెక్కలు అచ్చు వేశారు. తడి నేలల్లో పుప్పొడి వేల ఏళ్లు చెడకుండా ఉంటుంది, పొరలు పొరలుగా తీసి మైక్రోస్కోప్ కింద పెట్టి లెక్కపెడతారు. పైరు గడ్డి పుప్పొడి మామూలు గడ్డి పుప్పొడికన్నా పెద్దది, దూరం ఎగరదు, అది కనబడిందంటే దగ్గర్లో చేను ఉన్నట్టే. ఆ లెక్కల్లో చేలు 14వ శతాబ్దం మధ్య దాకా సాగి తరవాత పచ్చికకు వదిలేసినట్టు తేలింది. కాలం ప్లేగుకు సరిపోతుంది, అందుకే ప్లేగు కథలో కొంత నిజం ఉందన్నాను. కానీ చూడండి, చేలు పోయాయి కానీ నేల పాడుపడలేదు, మేతకు వాడుకున్నారు. మనుషులు దిగిపోయి, గొర్రెలు ఎక్కాయి. పాత కట్టడాలు చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ వాళ్లయితే ఊరు పూర్తిగా ఖాళీ అయింది 15వ శతాబ్దం మొదట్లో కావచ్చని చెబుతారు. అది నిజమైతే ఒకటో రెండో ఇళ్లవాళ్లు ఇంకో యాభై ఏళ్లు అక్కడే పట్టుకుని ఉన్నారన్నమాట. పక్కిళ్ల కప్పులు ఒక్కోటి కూలుతుంటే చూస్తూ, వాళ్ల దొడ్లలో తమ గొర్రెలు తోలుకుంటూ. ఎడారి దేశాలకు, హైదరాబాదుకు వలసపోయిన ఊళ్లలో చివరికి మిగిలే ముసలివాళ్లను చూసినవాళ్లకు ఇది పెద్దగా వివరించక్కర్లేదు.

మళ్లీ వెళ్తానన్నారు కాబట్టి కొన్ని మాటలు. వేసవిలో వెళ్లకండి, బ్రాకెన్ అనే ఫెర్న్ నడుమెత్తు పెరిగి సగం ఊరిని మింగేస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో వెళ్లండి, మధ్యాహ్నం మూడు దాటాక, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు. అప్పుడు గోడల కన్నా పొలాలు చూడండి, ఎవరూ చూడరు వాటిని. వాలు మీద సాళ్ల గట్ల నీడలు దువ్వెన పళ్లలా లేస్తాయి. గ్రేటర్ రాక్స్ అని ఊరికి అవతల ఇంకో రాతిగుట్ట ఉంది, దాని మీద కొంచెం ఎక్కితే ఊరి ప్లాను మొత్తం కళ్ల ముందు పరిచినట్టుంటుంది. రాళ్లు జరపొద్దు, అనుమతి లేకుండా అక్కడ మెటల్ డిటెక్టర్ వాడటం చట్టరీత్యా నేరం, పెంకు దొరికినా అక్కడే వదిలెయ్యండి. మీ చిన్నదానికి కథ కావాలంటే, బోవర్‌మన్ అనే వేటగాడు మంత్రగత్తెల పూజ చెడగొట్టాడని వాడినీ వాడి కుక్కల్నీ రాళ్లు చేశారని, పైనున్న హౌండ్ టోర్ బండలు ఆ కుక్కలేనని చెబుతారు. దానికి మాత్రం సాక్ష్యం అడగొద్దు.

ఇంకొకటి. మీరు పెట్టిన మూడో ఫోటోలో మీ అబ్బాయి కూర్చున్న చోటు చూశాను. వాడి కాళ్ల కింద రెండు రాళ్ల మధ్య సందు కనబడుతోంది, గోడ అడుగున. కాలువ బయటికి పోయే కన్నం అది. వాడు కూర్చున్నది గొడ్ల చోటు గోడ మీద.